బాబాయి జనరేటర్‌కి లాగిన్ లేదు

మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్లో మూడు రోజులు లీవ్ పెట్టి కనిగిరి వెళ్ళాను. చుట్టాల పెళ్ళి. రాత్రి ముహూర్తం. పంతులుగారు మైకులో మంత్రం మధ్యలో ఉండగా కరెంటు పోయింది. పది సెకన్లు చీకటి. ఆ పది సెకన్లలో అందరూ ఫోన్ టార్చ్‌లు వేశారు, పిల్లలు ఈలలు కొట్టారు. తర్వాత కల్యాణ మండపం వెనక నుంచి గుర్రుమని ఒక శబ్దం, లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. పంతులుగారు ఆపిన అక్షరం దగ్గర్నుంచే మళ్ళీ అందుకున్నారు.

ఆ శబ్దం మా బాబాయి జనరేటర్‌ది. షామియానాలు, కుర్చీలు, లైటింగ్, జనరేటర్... బాబాయిది సప్లయర్స్ షాపు. పామూరు వైపైనా, పొదిలి వైపైనా పెళ్ళంటే ముందు ఆయనకే ఫోన్ వస్తుంది. జనరేటర్ 62.5 కేవీఏది. ట్రాలీ మీద, పచ్చ రంగు డబ్బాలో ఉంటుంది. 2012లో అప్పు చేసి కొన్నాడు. నా వయసు వాళ్ళకి ఆ ఏడాది గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి వారానికి మూడు రోజుల దాకా పవర్ హాలిడే ఇచ్చిన కాలం. పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కి కూడా తెలియదు. నేను ఛార్జింగ్ లైట్ కింద చదువుకుంటుంటే, బాబాయి జనరేటర్ ఈఎంఐలు కట్టుకుంటున్నాడు.

భోజనాలయ్యాక పని లేక జనరేటర్ దగ్గరికి వెళ్ళాను. ఆపరేటర్ అన్న స్టూల్ మీద కూర్చుని రీల్స్ చూస్తున్నాడు. పక్కన అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్. తేదీ, పార్టీ పేరు, ఆన్ చేసిన టైమ్, ఆఫ్ చేసిన టైమ్, చివర్లో డీజిల్. ఊరికే తిరగేశాను. డీజిల్ కాలమ్ మొత్తం 40, 60, 40, 20, 60. ఏడాది పొడుగునా అంతే. ఒక్క చోట కూడా 37 లేదు, 52 లేదు.

అది చూడగానే పెళ్ళిభోజనం గొంతులోకి వచ్చినంత పనైంది. కారణం ఆ నోట్‌బుక్ కాదు, నా ఉద్యోగం.

నేను బెంగళూరులో చేసేది కార్బన్ లెక్కల సాఫ్ట్‌వేర్. స్టాక్ మార్కెట్లో లిస్టయిన మొదటి 1000 కంపెనీలు ఏటా ఒక సస్టెయినబిలిటీ రిపోర్ట్ ఇవ్వాలని సెబీ పెట్టిన రూల్ 2022-23 నుంచి తప్పనిసరైంది. బీఆర్ఎస్ఆర్ అంటారు. అందులో కంపెనీ ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో చెప్పాలి. గ్రిడ్ నుంచి కొన్న కరెంటు లెక్క ‘స్కోప్ 2’ అనే గడిలోకి పోతుంది, సొంత జనరేటర్‌లో కాల్చిన డీజిల్ లెక్క ‘స్కోప్ 1’లోకి. క్లయింట్లు డేటా ఎక్కిస్తారు, మా డ్యాష్‌బోర్డ్ గుణించి, కూడి, రంగురంగుల గ్రాఫ్‌లో చూపిస్తుంది. జనరేటర్ల మాడ్యూల్ రాసింది నేనే.

ఆ డేటాలో కూడా 40, 60, 40 చూశాను నేను. చూసి, ‘వ్యాలిడేషన్ పాస్’ అని వదిలేశాను.

మర్నాడు పొద్దున అక్క కూతురు పట్టుకుంది. ఎనిమిదో క్లాసు. నేను రాత్రి ఆపరేటర్ అన్నతో మాట్లాడుతుంటే విన్నదట. “మామా, లీటర్ డీజిల్ కాలిస్తే రెండున్నర కిలోల పైన గ్యాస్ వస్తుందని చెప్పావు. లీటర్ డీజిల్ కిలో కూడా ఉండదు కదా. ఎక్కువ ఎట్టా వస్తది?”

మంచి ప్రశ్న. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. అమ్మమ్మ ఇంట్లో పాత మార్కాపురం పలక ఉంటే దాని మీద వేసి చూపించాను.

లీటర్ డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. అందులో నూటికి 86 పాళ్ళు కార్బన్. అంటే దాదాపు 714 గ్రాములు. కార్బన్ అణువు బరువు 12. కాలేటప్పుడు అది గాల్లోంచి రెండు ఆక్సిజన్‌లని పట్టుకుంటుంది. ఒక్కోటి 16, రెండు కలిపి 32. మొత్తం 44. అంటే 12 గ్రాముల కార్బన్ లోపలికి పోతే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. 714ని 12తో భాగించి 44తో గుణిస్తే 2,618 గ్రాములు. “అంటే సగం కంటే ఎక్కువ బరువు గాలిదేనా?” అంది. అవును, గాలిదే. బంకులో మనం డబ్బు కట్టని సరుకు అది.

డీజిల్ రకాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల కమిటీ, అదే ఐపీసీసీ, 2006లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం చేస్తే లీటర్‌కి 2.65 కిలోల దాకా వస్తుంది. నేను వాడేది అదే. గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ అవసరమవుతుంది.

మీలో కొందరికి ఇప్పటికే డౌట్ వచ్చి ఉంటుంది. ఈ లెక్కలన్నీ ఎందుకు, పొగ గొట్టం దగ్గర ఒక సెన్సర్ పెడితే పోలా? నేనూ అదే అనుకున్న బాపతే. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న సీఓటూ మీటర్ బ్యాగ్‌లో ఉంటే తీసుకెళ్ళి సైలెన్సర్ దగ్గర పెట్టాను. అది కొలవగలిగేది 5000 పీపీఎం దాకా, అంటే గాల్లో అర శాతం. డీజిల్ ఇంజన్ పొగలో అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది. స్క్రీన్ మీద ఏదో గీత వచ్చింది, ఆగిపోయింది. మసి పట్టి ఇప్పటికీ పనిచేయట్లేదు. ఆపరేటర్ అన్న మాత్రం పడీపడీ నవ్వాడు.

పెద్ద సెన్సర్ పెట్టినా అది చెప్పేది పొగలో ఆ గ్యాస్ ఎన్నో వంతో మాత్రమే. పొగ మొత్తం ఎంత పోతోందో కూడా క్షణక్షణం కొలవాలి, అసలు కష్టం అక్కడే. అమెరికాలో 1990 నాటి చట్టం తర్వాత పెద్ద పవర్ ప్లాంట్ల గొట్టాలకి ఇలాంటి మీటర్లు పెట్టించారు, గంటగంటకీ రికార్డవుతుంది. అక్కడ కూడా ఆయిల్‌తో నడిచే యూనిట్లకి ఒక వెసులుబాటు ఉంది. పైప్‌లో ఎంత ఆయిల్ పారిందో ఖచ్చితంగా కొలిచి, అందులో కార్బన్ లెక్క కట్టి ఇస్తే చాలు. ఆయిల్‌లో ఉన్న కార్బన్ ఇంకెక్కడికీ పోదు కదా. కొద్దిగా మసి కింద పోయేది తప్ప మిగతాదంతా గొట్టంలోంచే రావాలి. అందుకే ఆయిల్ కరెంటుకి సంబంధించినంత వరకు పొగని కొలవడమంటే ఆయిల్‌ని కొలవడమే. డీజిల్ పుస్తకం తప్పైతే పొగ లెక్కా తప్పే, దానికి ఎన్ని గ్రాఫ్‌లు వేసినా.

సరే, కొలుద్దాం అనుకున్నా. ఆ రాత్రి రిసెప్షన్. బాబాయిని అడిగితే “పెళ్ళికొచ్చినోడివి పెళ్ళి జూడరా, జనరేటర్‌తో నీకేం పని” అన్నాడు గానీ వద్దనలేదు. ట్యాంక్ మూతి దాకా నింపించాను. ప్యానెల్ మీద డిజిటల్ మీటర్ ఉంది. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని యూనిట్లు తయారుచేసింది రెండూ చూపిస్తుంది. ఆ మీటర్‌ని కొన్న రోజు నుంచి ఎవరూ చూసినట్టు లేదు, అద్దం మీద దుమ్ము తుడవాల్సొచ్చింది. రెండు రీడింగులూ ఫొటో తీసుకున్నా. ఆ రోజు ఏదో ఫాల్ట్‌తో లైన్ రానే లేదు, అయిదు గంటలు నడిపారు. అయ్యాక బంకు నుంచి బిల్లుతో 30 లీటర్లు తెప్పించి మళ్ళీ మూతి దాకా పోశాం. క్యాన్‌లో మిగిలింది లీటర్ జగ్గుతో కొలిస్తే మూడు.

అంటే కాలింది 27 లీటర్లు. వచ్చిన కరెంటు 55 యూనిట్లు.

27ని 2.65తో గుణిస్తే 71 కిలోల పైచిలుకు. 55తో భాగిస్తే యూనిట్‌కి 1.3 కిలోలు.

నేను ఫోన్‌లో మళ్ళీ రెండుసార్లు కొట్టి చూసుకున్నా. నా సాఫ్ట్‌వేర్‌లో డీజిల్ జనరేటర్‌కి నేను పెట్టిన డీఫాల్ట్ 0.8. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, సీఈఏ, మన దేశం గ్రిడ్ మొత్తానికి ఏటా లెక్కగట్టి ప్రకటించే సగటు ఈ మధ్య 0.72 అటూ ఇటూ ఉంటోంది. బొగ్గు, గ్యాస్, నీళ్ళు, ఎండ, గాలి అన్నీ కలిపిన సగటది. ఇక్కడొక విచిత్రం ఉంది. అంతే వేడి కోసం కాలిస్తే బొగ్గు కంటే డీజిల్ తక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అయినా మా పెళ్ళి కరెంటు గ్రిడ్ కరెంటు కంటే దాదాపు రెట్టింపు మురికిగా తేలింది.

తప్పు డీజిల్‌ది కాదు. 62.5 కేవీఏ అంటే 50 కిలోవాట్లు ఇవ్వగల మిషన్. ఆ రాత్రి మనం అడిగింది సగటున 11. కొన్నప్పుడు అన్నీ హాలోజన్ ఫోకస్ లైట్లు, కొండంత సౌండ్ బాక్సులు. ఇప్పుడు మండపం మొత్తం ఎల్ఈడీ. లోడ్ పడిపోయింది, ఇంజన్ మాత్రం అదే. కనిగిరి నుంచి పామూరుకి ఇద్దరు ప్యాసింజర్లతో పోయే బస్సు లాంటిది. బస్సుని లాగడానికే డీజిల్ అయిపోతుంది, ఇద్దరూ దాని మీద అదనం. ఇదే మిషన్ ముప్పావు లోడ్ మీద నడిస్తే లీటర్‌కి మూడున్నర యూనిట్ల దాకా వస్తాయి. అప్పుడు యూనిట్‌కి 0.76. మాకు వచ్చింది లీటర్‌కి రెండు యూనిట్లు.

నా 0.8 ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. జనరేటర్ కంపెనీ డేటాషీట్‌లో 75 శాతం లోడ్ దగ్గర ఉన్న అంకె తీసుకుని పెట్టేశాను. ఎవరి మిషన్ ఎంత లోడ్ మీద నడుస్తుందో ఎవర్నీ అడగలేదు. కోడ్‌లో ఆ లైన్ పక్కన ‘తర్వాత చెక్ చేయాలి’ అని నేనే కామెంట్ కూడా రాసుకున్నా. రెండేళ్ళయింది.

ఇంతలో ఇంకో చిక్కు. నోట్‌బుక్‌లో ఆ రాత్రి ఎంట్రీ ఏం రాశారని చూశా. 60. కాలింది 27, రాసింది 60. ఆపరేటర్ అన్నని అడిగితే “తెచ్చింది అంతే గదా” అన్నాడు. నిజమే, అది కాలిన డీజిల్ పుస్తకం కాదు, క్యాన్లలో తెచ్చిన డీజిల్ పుస్తకం. మిగిలింది ఇంకో పెళ్ళికి పోతుంది, అక్కడ మళ్ళీ 40 అని పడుతుంది. అన్ని క్యాన్లూ ఇంకో పెళ్ళికే పోతాయా అనేది నేను అడగలేదు. అన్నకి జీతం ఎంతో నాకు తెలుసు.

బాబాయి వైపు కథ కూడా వినండి. పార్టీకి ఆయన గంట లెక్కన బిల్లు వేస్తాడు, డీజిల్ కలిపి. గంటకి పన్నెండు లీటర్లు తాగుద్దని అందరికీ చెప్తాడు, ఆయనా నమ్ముతాడు. హాలోజన్ల కాలంలో బహుశా నిజమే. ఇప్పుడు తాగుతున్నది గంటకి అయిదున్నర లోపే. టిఫిన్ తింటుంటే ఈ మాట చెప్పాను. ఇడ్లీ పక్కన పెట్టి చూశాడు నన్ను. “ఏందిరా నీ బొగ్గు లెక్క, నా కొంప ముంచేట్టుండాదే. కాలమ్‌లో నా షాపు పేరు మాత్రం రాయమాక.” రాయట్లేదు బాబాయ్.

బెంగళూరు వచ్చాక అసలు పని మొదలైంది. మా క్లయింట్లలో ఒక పెద్ద సంస్థ ఉంది, పేరు వద్దు. 14 చోట్ల జనరేటర్లున్నాయి. కొన్ని చోట్ల నడిచిన గంటలు పంపుతారు, కొన్ని చోట్ల యూనిట్లు. గంటలు ఇస్తే నా కోడ్ ముప్పావు లోడ్ మీద తాగే డీజిల్‌తో గుణిస్తుంది, అంటే నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. యూనిట్లు ఇస్తే 0.8తో గుణిస్తుంది, అంటే తక్కువ చూపిస్తుంది. ఒకే తప్పు ఒక చోట పైకి, ఇంకో చోట కిందికి. రెండూ కలిపి చూస్తే మధ్యలో ఎక్కడో నమ్మబుద్ధయ్యే అంకె వచ్చింది. అదీ రెండు దశాంశ స్థానాలతో సహా. ఆడిట్ కూడా దాటింది.

మేనేజర్‌కి చెప్పాను. ఆయన మొదట అన్నమాట, “అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు కదిలించడం?” ఆయన్ని తప్పు పట్టలేను, అప్రైజల్ నెల. నాకూ అప్రైజల్ నెలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే సినిమాగా ఉంటుంది గానీ, నిద్ర పట్టింది, పొద్దున లేచాక మళ్ళీ అదే గుర్తొచ్చింది. తప్పు నేను చేశాను కాబట్టి మెయిల్ నేనే రాస్తానన్నాను. అందులో ఒకటే అడిగాం. డీజిల్ కొన్న బిల్లులు, ఏడాది మొదట్లో ట్యాంకులో ఉన్నదెంత, చివర్లో మిగిలిందెంత. మొదట ఉన్నదానికి కొన్నది కలిపి, మిగిలింది తీసేస్తే కాలింది వస్తుంది. మా నాయనమ్మ బియ్యం డబ్బాకి వేసే లెక్క. ఆ బిల్లులన్నీ వాళ్ళ అకౌంట్స్ సెక్షన్‌లో ఎప్పట్నుంచో ఉన్నాయి. డబ్బు కట్టేటప్పుడు లీటర్ కూడా వదలరు కదా. మా ఫారంలో ఆ గడే లేదు, అంతే.

మూడు వారాల్లో 9 చోట్ల బిల్లులు వచ్చాయి. ఆ తొమ్మిదింటి మొత్తం తగ్గింది, ఎందుకంటే ఎక్కువ మంది గంటలు పంపినవాళ్ళే. దానికి వాళ్ళు సంతోషించారు. యూనిట్‌కి ఎంత అన్న అంకె మాత్రం పెరిగింది. ‘మా జనరేటర్ కరెంటు దాదాపు గ్రిడ్‌తో సమానం’ అని వాళ్ళ ప్రెజెంటేషన్‌లో ఒక స్లయిడ్ ఉండేది, అది తీసేయాల్సొచ్చింది. దానికి సంతోషించలేదు. మిగతా 5 చోట్ల బిల్లుల కోసం ఇంకా ఫాలోఅప్ మెయిళ్ళు పెడుతూనే ఉన్నా. నా అప్రైజల్ ఎలా వచ్చిందో ఇంకో వారం చెప్తా, లేదా చెప్పను.

ఇదంతా ఒక బాబాయి జనరేటర్ గురించి ఇంత గొడవా అనుకోవచ్చు. పెద్ద చిత్రంలో మన దగ్గర ఆయిల్ కరెంటు వాటా చాలా చిన్నది, నిజమే. ఆంధ్రలో గ్రిడ్‌కి కరెంటిచ్చే డీజిల్ ప్లాంట్ అని సీఈఏ పట్టికల్లో కనిపించేది విశాఖ వైపు ఎల్‌వీఎస్ పవర్, 36.8 మెగావాట్లు. కృష్ణపట్నంలో ఉన్న 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లతో పోలిస్తే అది ఎంత. ఆ బొగ్గు యూనిట్లకి కూడా రాజేసేటప్పుడు ఆయిల్ కావాలి, పొయ్యి అంటించడానికి కిరసనాయిల్ చల్లినట్టు. దానికి కేంద్ర నియంత్రణ మండలి 2014లో పెట్టిన పరిమితి యూనిట్‌కి అర మిల్లీలీటర్. కార్బన్ డయాక్సైడ్‌లో చూస్తే ఒకటిన్నర గ్రాము, అంతే.

కానీ సీఈఏ లెక్క గ్రిడ్‌కి కట్టిన స్టేషన్లది. కంపెనీలు సొంతానికి పెట్టుకున్న ప్లాంట్లు, ఊళ్ళల్లో తిరిగే చిన్న జనరేటర్లు అందులో ఉండవు. మరి బాబాయి 27 లీటర్లు ఎక్కడున్నాయి? దేశంలో అమ్మిన డీజిల్ మొత్తంలో ఉన్నాయి, లారీలు, ట్రాక్టర్ల డీజిల్‌తో కలిసిపోయి. దాన్ని విడగొట్టడానికి పెట్రోలియం శాఖ వాళ్ళ పీపీఏసీ సంస్థ నీల్సన్‌తో ఒక సర్వే చేయించి 2014లో బయటపెట్టింది. 70 శాతం రవాణాకి, దాదాపు ఒకటిన్నర శాతం మొబైల్ టవర్లకి అని తేల్చింది. మీరు ఈ కాలమ్ చదువుతున్న ఫోన్‌కి సిగ్నల్ ఇచ్చే టవర్ కింద కూడా కరెంటు పోయినప్పుడు ఒక బాబాయి జనరేటర్ గుర్రుమంటుంది. దాని పక్కన కూడా ఒక నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఏం రాస్తున్నారో నాకు చూడాలనుంది.

మా వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు చాలామంది. అక్కడ పెద్ద పెద్ద పవర్ స్టేషన్లే ఆయిల్, గ్యాస్ మీద నడుస్తాయి. బాయిలర్‌లో బరువైన ఆయిల్ కాల్చి నూటికి 35 పాళ్ళు కరెంటుగా మార్చగలిగితే యూనిట్‌కి 0.8 దగ్గరికి వస్తుంది. అంటే కువైట్‌లో మా మామ ఆయిల్ కరెంటుతో వేసుకునే ఏసీ యూనిట్ కంటే, కనిగిరిలో మేనకోడలు డ్యాన్స్ చేసిన రిసెప్షన్ యూనిట్ మురికిది. ఈ మాట ఫోన్‌లో చెప్తే మామ నమ్మలేదు. “ఆడ ఊరంతా ఏసీలేరా” అన్నాడు. మొత్తం మీద వాళ్ళదే ఎన్నో రెట్లు ఎక్కువ మామా, నేను చెప్తున్నది ఒక్క యూనిట్ సంగతి.

ఉగాది తర్వాత బాబాయి ఫోన్ చేశాడు. చిన్న ఫంక్షన్లకి 25 కేవీఏది సెకండ్‌హ్యాండ్‌లో వస్తోందట, తీసుకోవాలా వద్దా అని. ఏసీ లేని హాల్ అయితే అది చాలు, పెద్దది ఏసీ మండపాలకి పంపు అన్నాను. “డీజిల్ మిగిలితే ఈఎంఐ వెళ్ళిపోద్దా?” ఆయన లెక్క అది. నెలకి ఎన్ని ఫంక్షన్లు, ఎన్ని గంటలు అడిగి ఎక్సెల్‌లో వేసి పంపాను. వెళ్ళిపోద్ది, పెళ్ళిళ్ళున్న నెలల్లో. పార్టీలకి గంట రేటు తగ్గిస్తావా అని అడిగితే మాత్రం లైన్ సరిగ్గా వినపడట్లేదన్నాడు.

మొన్న ఆదివారం ఆపరేటర్ అన్న నుంచి వాట్సాప్‌లో నోట్‌బుక్ ఫొటో వచ్చింది. స్కేలు పెట్టి కొత్తగా ఒక గీత గీశాడు, పైన ‘యూనిట్లు’ అని రాశాడు. కింద కొత్త మిషన్ మొదటి ఫంక్షన్. డీజిల్ 11.5, యూనిట్లు 31. ఆ పుస్తకంలో సున్నా లేకుండా ముగిసిన మొదటి అంకె అది. ఫొటోని మేనకోడలికి ఫార్వర్డ్ చేశాను. పది నిమిషాల్లో రిప్లై.

“0.98 మామా. ఇంకా ఎక్కువే ఉంది.”